ఇద్దరు అద్వితీయులు, ఐదు రోజుల కేరళ

మా పెదనాన్న గుంటూరులో ముప్ఫై ఏళ్ళుగా సండే స్కూల్ చెప్తున్నారు. 1842లో మిషనరీ హయ్యర్ దొరగారు గుంటూరు వచ్చాక లూథరన్లమైన (మార్టిన్ లూథర్ బాట పట్టిన ప్రొటెస్టంట్లమైన) కుటుంబాల్లో మాదీ ఒకటి. బైబిల్లో ఏ ప్రశ్న అడిగినా ఆయన దగ్గర జవాబు ఉండేది. కిందటి క్రిస్మస్ ముందు ఓ పదేళ్ళ పిల్లాడు మాత్రం ఆయన్ని ఇరుకున పెట్టాడు.

"తాతా, ద్వితీయోపదేశకాండంలో 'యెహోవా అద్వితీయుడగు యెహోవా' అని ఉంది. యోహాను 3:16లో యేసయ్య 'అద్వితీయ కుమారుడు' అని ఉంది. అద్వితీయుడంటే రెండోవాడు లేనివాడని మా తెలుగు సారు చెప్పారు. మరి అద్వితీయులు ఇద్దరెట్టా అయ్యారు?"

హీబ్రూలో మొదటిది 'ఎఖాద్', అంటే ఒక్కడు. గ్రీకులో రెండోది 'మొనొగెనేస్', అలాంటివాడు మరొకడు లేనివాడని. రెండు వేరు మాటలకి తెలుగులో ఒకటే మాట పడిందని పెదనాన్న చెప్పారు. పిల్లాడు తల ఊపాడు. ఊపింది జాలితో అని పెదనాన్న అనుమానం. ఆ అనుమానంతో రెండు వారాలు నిద్ర పట్టలేదాయనకి. జనవరిలో నాకు సెలవు దొరికింది. యూదులు, సిరియన్ క్రైస్తవులు, ముస్లింలు, శంకరాచార్యులు అందరూ యాభై కిలోమీటర్ల లోపే దొరికే చోటు ఒకటుంది, కేరళలో కొచ్చి చుట్టుపక్కల, వెళ్దామా అన్నాను. "ఊరగాయ సీసా పెట్టుకో" అన్నారు. అంటే సరేనని.

శనివారం, మట్టంచేరి

మొదటి రోజే తప్పు చేశాం. యూదుల గుడి, పరదేశి సినగాగ్ చూద్దామని ఎండలో జ్యూ టౌన్ వీధంతా నడిచి వెళ్తే తలుపులు వేసి ఉన్నాయి. పక్కన యాలకులు, జాజికాయ అమ్ముకునే ఆయన మమ్మల్ని వింతగా చూసి "శాటర్డే" అన్నాడు. పెదనాన్న నుదురు కొట్టుకున్నారు. విశ్రాంతిదినాన్ని పరిశుద్ధంగా ఆచరించమని ముప్ఫై ఏళ్ళు పిల్లలకి చెప్పిన మనిషి, ఆ విశ్రాంతిదినం ఇంకా శనివారమే పాటించేవాళ్ళు ఉన్నారని మర్చిపోయారు.

చేసేదేం లేక ఫోర్ట్ కొచ్చి వెళ్ళి సెయింట్ ఫ్రాన్సిస్ చర్చి చూశాం. వాస్కో డ గామాని 1524లో పాతిపెట్టిన చోటు. తర్వాత అస్థికలు పోర్చుగల్‌కి తీసుకుపోయారు, రాయి మిగిలింది. పోర్చుగీసు కేథలిక్కులు కట్టుకుంటే డచ్చి ప్రొటెస్టంట్లు తీసుకున్నారు, ఆ తర్వాత ఆంగ్లికన్లు, ఇప్పుడు సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం). బొమ్మలు లేని తెల్లగోడ చూసి పెదనాన్నకి మన గుళ్ళో కూర్చున్నట్టు అనిపించిందట.

మధ్యాహ్నం భోజనం తొంభై రూపాయలు. లావుపాటి మట్ట బియ్యం, చేపల పులుసు, కొబ్బరి తురుము వేసిన క్యాబేజీ. గ్లాసులో గులాబీ రంగు నీళ్ళు, అదీ వేడిగా. పెదనాన్న గ్లాసు వెలుతురుకి పట్టి చూసి, "కషాయమా? నాకు జ్వరమని ఎవరు చెప్పారు?" అన్నారు. పతిముఖం చెక్క వేసి మరిగించిన నీళ్ళని వడ్డించేవాడు చేతులతో చెప్పాడు. మర్నాటి నుంచి మామూలు నీళ్ళిస్తే ఆయనే రంగు నీళ్ళు అడగడం మొదలుపెట్టారు.

ఆదివారం, పొద్దున చర్చి, సాయంత్రం సినగాగ్

బస దగ్గర్లోని సీరో మలబార్ (సిరియన్ ఆచారం పాటించే కేరళ కేథలిక్కుల) చర్చికి కుర్బానాకి, అంటే వాళ్ళ ఆరాధనకి, వెళ్ళాం. ముందుగోడ మీద సిలువ ఉంది కానీ దాని మీద యేసు లేడు. అడుగున తామరపువ్వు, పైన పావురం. దీన్ని మార్ తోమా సిలువ అంటారు. శరీరం లేకపోవడం పునరుత్థానానికి గుర్తని పక్కనున్న ముసలాయన చెప్పాడు. మలయాళం ముక్క రాకపోయినా ఎక్కడ విశ్వాస ప్రమాణం చెప్తున్నారో మాకు లయని బట్టి తెలిసిపోయింది. వాళ్ళు మలయాళంలో, మేము తెలుగులో, గొణుక్కుంటూ ఒకేసారి ముగించాం. 325లో నీకయలో జరిగిన బిషప్పుల సభలో మొదలైన ప్రమాణం అది. కుమారుడు 'పుట్టినవాడే గాని చేయబడినవాడు కాడు' అన్న ముక్క దగ్గర పెదనాన్న నా మోచేతిని పొడిచారు. పిల్లాడి ప్రశ్నకి జవాబు అక్కడుందని ఆయన నమ్మకం. చేయబడితే సృష్టిలో ఒకడు. పుట్టితే తండ్రి స్వభావమే. పుట్టడమంటే ఒక రోజున జరిగిన సంగతి కాదు, ఆది లేని సంబంధం. ఇదంతా పదేళ్ళవాడికి ఎలా చెప్పాలన్నదే సమస్య.

అందరూ ప్రభు భోజనపు అప్పం (రొట్టె) తీసుకోవడానికి లేచారు. మేం లేవలేదు. కేథలిక్ సభకి చెందనివాళ్ళకి అక్కడ ఇవ్వరు. అప్పమే క్రీస్తు శరీరంగా మారిపోతుందని వాళ్ళంటారు. అప్పం అప్పంగానే ఉంటుంది, దానిలో, దానితో, దాని కింద క్రీస్తు శరీరం నిజంగా ఉంటుందని మా లూథర్ గారంటారు. త్రిత్వం (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్నది) దగ్గర ఒక్క మాట కూడా తేడా లేనివాళ్ళం బల్ల దగ్గరికొచ్చేసరికి విడిపోయి కూర్చున్నాం. పెదనాన్న ఒళ్ళో చేతులు పెట్టుకుని కిందకి చూస్తూ ఉన్నారు. బయటికొచ్చాక కూడా కాసేపు మాట్లాడలేదు.

సాయంత్రం సినగాగ్ తెరిచారు. చెప్పులు బయట, టికెట్టు పది రూపాయలు. 1568లో కట్టింది. నేలంతా చైనా నుంచి వచ్చిన నీలం తెలుపు పలకలు. ఏ రెండూ ఒకేలా ఉండవంటారు. పెదనాన్న వంగి వంగి నాలుగైదు పోల్చి చూసి, "ఒరేయ్, ఇక్కడ అన్నీ అద్వితీయాలేరా" అని వాళ్ళకీ వీళ్ళకీ వినపడేట్టు నవ్వారు. ముందువైపు తెర, దాని వెనక అల్మారాలో తోరా (మోషే ధర్మశాస్త్రం) చుట్టలు. బొమ్మ లేదు, సిలువ లేదు. అక్కడ ముందున్నది అక్షరం.

బెంచీ మీద ఒకావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. వాళ్ళ అమ్మమ్మది కొచ్చి. ఇజ్రాయెల్ ఏర్పడిన తర్వాత ఇక్కడి యూదుల్లో చాలామంది వెళ్ళిపోయారు కదా, వాళ్ళదీ అలాంటి కుటుంబమే. నాలుగు మలయాళం ముక్కలు, మిగతా అంతా ఇంగ్లీషు. పెదనాన్న ఆవిడని సూటిగా అడిగారు, ఎఖాద్ అంటే లెక్కలో ఒకటా అని. ఆవిడ కుడిచేత్తో కళ్ళు మూసుకుని షెమా మొదటి వరుస, అంటే పిల్లాడు అడిగిన ద్వితీయోపదేశకాండం వాక్యమే, హీబ్రూలో చెప్పింది. చేయి తీసి, "మొదటి మాట 'విను' అని. ఒకటి అన్నది చివరి మాట. మేము దీన్ని లెక్కగా చెప్పం, పొద్దునా రాత్రీ కట్టుబాటుగా చెప్తాం" అంది. మరి మెస్సీయ సంగతి? ఇంకా రావాల్సి ఉంది, వచ్చినా ఆయన మనిషే, దేవుడు కాడు అంది. ఆదాము పాపం పుట్టుకతోనే అంటుకుంటుందన్నది కూడా తమకి లేదంది. మంచివైపు లాగేదీ చెడువైపు లాగేదీ రెండూ మనిషిలో ఉంటాయి, తప్పు చేస్తే తిరిగి రావాలి, తిరిగొచ్చే దారి తోరాలోనే ఉంది. మధ్యలో ఇంకొకరు చనిపోవాల్సిన అవసరం ఆవిడకి కనబడలేదు. పెదనాన్న వాదించలేదు. "యెషయా 53 చదివారా అమ్మా?" అని మాత్రం అడిగారు. "చదివాను, అక్కడ బాధపడే సేవకుడు మేమే, ఇశ్రాయేలు" అంది. అదే అధ్యాయం, అవే వాక్యాలు. గుడ్ ఫ్రైడేకి మా పెదనాన్న అదే అధ్యాయం చదివి ఏడుస్తారు.

సోమవారం, కొడుంగల్లూరు

మలయాళంలో 'పళ్ళి' అంటే చర్చి. మసీదు కూడా పళ్ళే. యూదుల గుడి జూత పళ్ళి. ఈ సంగతి మాకు అరవై రూపాయలు ఖర్చయ్యాక తెలిసింది. బస్టాండులో ఆటో ఎక్కి "పెద్ద పాత పళ్ళి" అన్నాం. పెదనాన్న మెడలో సిలువ చూసి అతను నేరుగా ఓ చర్చి ముందు దింపాడు. మసీదు కావాలని చెప్తే మళ్ళీ ఓసారి సిలువ వైపు చూసి, ఏమీ అనకుండా బండి తిప్పాడు.

చేరమాన్ జుమా మసీదు 629లో కట్టారని అక్కడి నమ్మకం. చేరమాన్ పెరుమాళ్ అనే రాజు అరేబియా వెళ్ళి ఇస్లాం పుచ్చుకున్నాడనీ, మాలిక్ దీనార్ ఇక్కడికొచ్చి మసీదు కట్టాడనీ కథ. ఈ తేదీని ఒప్పుకోని చరిత్రకారులున్నారు. లోపలి పాత భాగం చూస్తే కేరళ ఇల్లులా ఉంటుంది. పైనుంచి వేలాడే నూనె దీపం ఒకటుంది. ఎప్పుడూ ఆర్పరట. అన్ని మతాలవాళ్ళూ దానికి నూనె తెచ్చిస్తారని చెప్పారు. ముందుగోడలో మిహ్రాబ్, ఖాళీ గూడు. పెదనాన్న ఆ ఖాళీ వైపు చాలాసేపు చూశారు.

మసీదు చూపించిన పెద్దాయనకి హిందీ బాగా వచ్చు, గల్ఫులో పనిచేసొచ్చాడట. పెదనాన్న హిందీ రైల్వే హిందీ. మధ్యలో నేను. పెద్దాయన ఖురాన్ 112వ సూరా చదివి అర్థం చెప్పాడు. అల్లాహ్ ఒక్కడు, అహద్. ఆయన ఎవరినీ కనలేదు, ఎవరికీ పుట్టలేదు, ఆయనకి సాటి ఎవరూ లేరు. ఆ 'అహద్', నిన్నటి 'ఎఖాద్' అక్కాచెల్లెళ్ళ లాంటి మాటలు. నాకు కొంచెం టెన్షన్ పట్టుకుంది, ఇప్పుడు పెదనాన్న ఏమంటారో అని.

"దేవుడు భార్యతో కాపురం చేసి కొడుకుని కన్నాడని మేమూ అనం భాయ్. అలా అన్నవాణ్ణి మేమూ ఒప్పుకోం" అన్నారు.

"అయితే కొడుకనే మాట వదిలేయొచ్చుగా?" అన్నాడు పెద్దాయన నవ్వుతూ.

"అది వదిలేస్తే నా చేతిలో ఏం మిగల్దు" అన్నారు పెదనాన్న. ఈ మాట నేను హిందీలోకి తిప్పడానికి రెండుసార్లు తడబడ్డాను.

ఈసాని, అంటే యేసుని, తాము తక్కువ చేయమని పెద్దాయన గట్టిగా చెప్పాడు. కన్య మరియకి పుట్టాడు, మసీహ్ ఆయనే, అద్భుతాలు చేశాడు, ఇవన్నీ ఖురాన్‌లో ఉన్నాయి. కానీ ఆయన ప్రవక్త, దేవుడు కాడు. సిలువ మీద చంపనూ లేదు, వాళ్ళకి అలా అనిపించింది అంతే, అల్లాహ్ తన దగ్గరికి ఎత్తుకున్నాడు. ఒకరి బరువు ఇంకొకరు మోయరు. నాకు తోచిందేమంటే, ఆ ఒక్క శుక్రవారం మధ్యాహ్నం దగ్గరే అంతా తెగిపోతుంది. యూదుల లెక్కలో యేసు చనిపోయాడు కానీ లేవలేదు. ముస్లింల లెక్కలో అసలు చంపబడనే లేదు. మాకు చనిపోవడం, లేవడం రెండూ జరగాలి. ఒక్కటి తప్పినా పౌలు గారు చెప్పినట్టు మా విశ్వాసం వ్యర్థం. 'అందరూ చెప్పేది ఒకటేలే' అని ఎవరైనా అంటే నాకు అందుకే ఒళ్ళు మండుతుంది. ఈ ముగ్గురిలో ఎవరి మాటా సరిగ్గా వినలేదని అర్థం.

పెద్దాయన పాలు లేని నిమ్మకాయ టీ ఇప్పించాడు, సులైమానీ. డబ్బులు తీయబోతే పెదనాన్న చెయ్యి పట్టుకుని కిందకి దించాడు.

అక్కణ్ణుంచి అళిక్కోడు వెళ్ళాం. 52లో తోమా అపొస్తలుడు ఓడ దిగాడని నమ్మే చోటు. ఆయన కుడిచేతి ఎముకని 1953లో ఇటలీలోని ఒర్తోనా నుంచి తెచ్చి ఉంచారు. అక్కడ ఒక సిస్టర్, సిరియన్ క్రైస్తవుల పాత ఆరాధన భాష సిరియాక్‌లో దేవుణ్ణి 'ఆలాహా' అంటారని చెప్పింది. పొద్దున్నే అల్లాహ్ అని విని వచ్చిన చెవులతో విన్నాం. తోమా పునరుత్థానుడైన యేసుతో అన్న "నా ప్రభువా నా దేవా" అన్న మాటలోనూ సిరియాక్ బైబిల్లో ఆ పదమే ఉంటుంది. యేసుని నేరుగా దేవా అని పిలిచింది అనుమానాల తోమాయే. పెదనాన్నకి ఎముకల మీద గౌరవం లేదు, లూథరన్ కదా, కానీ ఏటి గట్టున నిలబడి ఆ నాలుగు మాటలు పైకే అన్నారు.

మంగళవారం, కాలడి, మలయాట్టూరు

ఆలువా నుంచి బస్సు. దారిలో పుట్టు (ఆవిరి మీద ఉడికిన బియ్యప్పిండి), కడల కూర (శనగల కూర). పుట్టు గొట్టంలోంచి పుల్లతో నెట్టి ప్లేట్లో పడేస్తుంటే పెదనాన్న చప్పట్లు కొట్టినంత పని చేశారు. తిన్నాక గొంతు పట్టేసింది, అది వేరే సంగతి.

కాలడి శంకరులు పుట్టిన ఊరు. పెరియార్ ఒడ్డున మొసలి రేవు ఉంది. మొసలి కాలు పట్టుకున్నప్పుడు సన్యాసానికి తల్లి చేత ఒప్పించుకున్నాడని చెప్పే చోటు. మెట్ల మీద కూర్చుని మేం తెలుగులో పోట్లాడుకుంటుంటే (తిరుగు బస్సు గురించి) వెనక నుంచి "మీది ఏ ఊరండీ?" అని వినపడింది. తెనాలి వైపు కుర్రాడు, ఇక్కడి సంస్కృత విశ్వవిద్యాలయంలో వేదాంతం చదువుతున్నాడు. పెదనాన్న దొరికిందే అవకాశమని పిల్లాడి ప్రశ్న మొత్తం చెప్పేశారు.

కుర్రాడు పగలబడి నవ్వాడు. "తాతగారూ, మీ బైబిల్ తెలుగు చేసినవాళ్ళు మా మాట తీసుకున్నారు. ఛాందోగ్య ఉపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతుకి చెప్తాడు, ఏకమేవాద్వితీయం అని." తర్వాత రేవు పక్కనున్న చెట్టు చూపించాడు. వేదాంతులు ఎప్పట్నుంచో చెప్పే ఉదాహరణేనట. చెట్టుకి తేడాలు మూడు రకాలు. ఇంకో చెట్టుతో ఉన్న తేడా సజాతీయ భేదం. రాయితో ఉన్న తేడా విజాతీయ భేదం. తనలోనే ఆకు వేరు, పువ్వు వేరు, పండు వేరు కదా, అది స్వగత భేదం. బ్రహ్మానికి ఈ మూడూ లేవు, అదీ అద్వితీయమంటే.

పెదనాన్న జేబులోంచి బస్సు టికెట్టు తీసి వెనక రాసుకోవడం మొదలుపెట్టారు. నేనూ పక్కన కూర్చుని లెక్క కట్టాను. ఇంకో దేవుడు లేడన్నది అందరూ ఒప్పుకుంటారు, సినగాగ్ ఆవిడా, మసీదు పెద్దాయనా, మేమూ, ఈ కుర్రాడూ. రెండో దగ్గర కుర్రాడు ఒంటరివాడవుతాడు. దేవుడు వేరు, ఆయన చేసిన లోకం వేరు అని మిగతా ముగ్గురం అంటాం. రెండోదంటూ నిజానికి ఏదీ లేదని అతనంటాడు. మూడో దగ్గర మేం ఒంటరివాళ్ళం. ఒక్క దేవుడిలోనే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అంటాం.

"కొమ్మలూ ఆకులూ కాదు బాబూ" అన్నారు పెదనాన్న పెన్ను ఆపి. "ఆకు చెట్టులో ముక్క. కుమారుడు దేవుడిలో ముక్క కాదు, పూర్తి దేవుడు."

"అయితే మీది నా చెట్టుకి అందదు తాతగారూ. రామానుజులవారు స్వగత భేదం ఒప్పుకుంటారు. ఆయన్ని అడిగితే మీకు కొంచెం దగ్గర పడతారేమో" అన్నాడు. హిందువులందరూ అద్వైతులు కారని, గుళ్ళో దణ్ణం పెట్టుకుంటున్నవాళ్ళలో ఎక్కువమందికి దేవుడు, భక్తుడు ఇద్దరూ కావాలని కూడా అతనే అన్నాడు. వెళ్ళేముందు ఇంకో మాట అన్నాడు. మీకు మనిషి జబ్బు పాపం, శంకరులకి అజ్ఞానం, అందుకే మీకు రక్షకుడు కావాలి, మాకు గురువు కావాలి. పెదనాన్న అదీ రాసుకున్నారు. టికెట్టు నిండిపోయింది. బస్సులో అడిగినప్పుడు చూపించడానికి తంటాలు పడ్డాం.

మలయాట్టూరు అక్కడికి దగ్గరే. తోమా ప్రార్థన చేశాడని నమ్మే కొండ. రాళ్ళదారి, పక్కన సిలువ మార్గంలోని పద్నాలుగు మజిలీలు. జనం ఎక్కువగా వచ్చేది లెంటు రోజుల్లో (ఈస్టర్ ముందు ఉపవాస కాలంలో), ఈస్టర్ తర్వాత ఆదివారానికి. పెద్ద చెక్క సిలువలు భుజాన మోసుకుంటూ ఎక్కుతారట. పెదనాన్న ఐదో మజిలీ దగ్గర కూలబడ్డారు. సీమోను సిలువ మోసిన ఘట్టం. "మోకాలు నొప్పి ఒకటి. ఇంకోటి, మోసింది యేసయ్య కదరా, మళ్ళీ మనం మోయడమెందుకు?" అన్నారు. కృప మాత్రమే అన్నది ఆయనకి ఒంట్లో రక్తం లాంటిది. నేను పైదాకా ఎక్కొచ్చాను. దిగొచ్చేసరికి ఆయన, ఒక మలయాళీ పెద్దావిడ నా ఊరగాయ సీసా మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. సీసా సగం ఖాళీ.

బుధవారం, ఆలువా

రైలుకి మూడు గంటలుంది. బయట చక్రాల స్టాండు మీద పుస్తకాలు పెట్టుకుని మొగుడూ పెళ్ళాం నిలబడి ఉన్నారు. ఆయన ఫోన్లో తెలుగు పేజీ తీసి చూపించాడు. పేజీ నిండా యెహోవా, యెహోవా. పెదనాన్న ముఖం వెలిగిపోయింది. మన తెలుగు బైబిల్లో పాత నిబంధనంతా ఆ పేరే కదా. "వందనాలండీ" అని చేతులు జోడించారు. వాళ్ళు యెహోవాసాక్షులని ఆయనకి తెలియడానికి ఐదు నిమిషాలు పట్టింది.

ఐదు రోజుల్లో అన్నిటికంటే గట్టి వాదన ఇక్కడే జరిగింది, బైబిల్ ఒకటే గనక. యేసు దేవుడి మొదటి సృష్టి, ప్రధానదూత మిఖాయేలు ఆయనే, పరిశుద్ధాత్మ ఒక శక్తి, త్రిత్వం అనే మాట బైబిల్లో లేదు అన్నాడాయన. పెదనాన్న తోమా మాట తీశారు. ఆయన "తండ్రి నాకంటె గొప్పవాడు" తీశాడు, యోహాను 14:28. ఇద్దరూ వేళ్ళు తడుపుకుంటూ పేజీలు తిప్పారు. కుమారుడు సృష్టించబడ్డవాడేనని వాదించిన అరియస్ నీకయ సభ ముందు పెట్టిన ప్రశ్న ఇదే, పదిహేడు వందల ఏళ్ళ తర్వాత రైల్వే స్టేషన్ బయట. నిన్నటి చెట్టు లెక్కలో వాళ్ళ కుమారుడు రాయి పక్కన, సృష్టి వైపు నిలబడతాడు. అంత పెద్ద తేడా అది.

ఏడాదికోసారి యూదుల నెల నీసాను 14న క్రీస్తు మరణాన్ని గుర్తుచేసుకుంటామని, అప్పం చేతికొస్తే తమలో ఎక్కువమంది తినకుండా పక్కవాళ్ళకి అందిస్తారని ఆవిడ చెప్పింది. పరలోకానికి వెళ్ళే లక్షా నలభై నాలుగు వేల మందే తినాలట. మిగతావాళ్ళు ఇదే భూమి మీద పరదైసులో ఉంటారు. పెదనాన్న దీనికి వాదించలేదు. "ఆదివారం నేనూ తినలేదమ్మా" అన్నారు. ఆవిడకి అర్థం కాలేదు, మేమూ చెప్పలేదు.

వెళ్ళొస్తామనే ముందు ఆయన, మీ తెలుగు జడ్జి గారే మమ్మల్ని కాపాడారు అన్నాడు. 1985లో కేరళలో ముగ్గురు సాక్షుల పిల్లల్ని జాతీయగీతం పాడలేదని బడి నుంచి పంపేశారు. లేచి నిలబడేవాళ్ళు కానీ పాడేవాళ్ళు కాదు, యెహోవాకి తప్ప ఇంకెవరికీ పాడం అని. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టు పిల్లల పక్షాన తీర్పిచ్చింది. రాసింది జస్టిస్ ఓ. చిన్నపరెడ్డి గారు. "మనాయనే" అని పెదనాన్న నా వైపు తిరిగి రెండుసార్లు అన్నారు. అప్పటిదాకా తప్పుబోధ అని పళ్ళు కొరికిన మనిషి, ఆ పుస్తకం ఒకటి తీసుకుని బ్యాగులో పెట్టుకున్నారు. చదవడానికి కాదట, పారేయడానికి మనసొప్పక.

గుంటూరు

ఆదివారం సండే స్కూల్‌కి నేనూ వెళ్ళి వెనక కూర్చున్నాను. పిల్లాడు మొదటి బెంచీలోనే ఉన్నాడు. పెదనాన్న నలిగిపోయిన బస్సు టికెట్టు తీసి బల్ల మీద చదును చేశారు.

"ముందు ఒక తప్పు ఉదాహరణ చెప్తాను. ఎక్కడ తప్పో నువ్వే చెప్పాలి. ఒక చెట్టు ఉందిరా."

"ఏం చెట్టు తాతా?" అన్నాడు వాడు.

పెదనాన్న టికెట్టు తిప్పి చూశారు. అది రాసుకోలేదు.